నలభై ఆరు పొద్దుల గంజి

"పెద్దయ్యా, ఈ బియ్యం కొంచెం జల్దీ చూస్తరా? రేపు పొద్దుగాల గంజి కాయాలె."

పిండి గిర్నీ చప్పుడులో మిగతా మాటలు కొట్టుకుపోయాయి కానీ, ఆ మొదటి మాట మాత్రం చెవిన పడాల్సినవాడి చెవిన పడనే పడింది. మిషన్ తిప్పే పట్టా పక్కన వంగి ఉన్న మనిషి మెల్లగా తలెత్తాడు. జుట్టు తెలుపు, కనుబొమలు తెలుపు, మీసాలు తెలుపు.

"ఎవరమ్మా పెద్దయ్య?" అన్నాడు.

"మీరే," అంది సలోమి.

"నాకు ఇరవై నాలుగేండ్లు."

"అందరు గట్లనే అంటరు. ఈ బియ్యంతోని కాస్తె గంజి సగమే ఉడికింది. చూడండి, పెద్దయ్యా."

సలోమికి ఆ సాయంత్రం వేళాకోళాలు వినే ఓపిక లేదు. మాదన్నపేట చిన్న చర్చి పక్కనున్న బడిలో రెండో తరగతికి పంతులమ్మ ఆమె. ఆ పొద్దున్నే, భస్మ బుధవారం నాడు, చర్చి వరండాలో పెద్ద గుండిగ ఎక్కించి ఆమె కాచిన గంజి నవ్వులపాలయింది. సగం మెతుకులు ముద్దయితే సగం గింజలు పళ్ళకింద రాళ్ళలా కరకరలాడాయి. తిన్నవాళ్ళు ఏమీ అనలేదు. పాలమూరు కరువుకు ఊళ్ళు విడిచి వచ్చి, కూరగాయల మార్కెట్టు వెనక బయలు జాగాలో గోనెపట్టాల కింద ఉంటున్న కూలి జనం వాళ్ళు. వాళ్ళు ఏమీ అనకపోవడమే ఆమెను పొద్దంతా కాల్చింది.

గిర్నీ మనిషి సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీశాడు. అరచేతిలో పరచి వేలితో కదిపాడు.

"ఇది ఒక్క ఇంటి బియ్యం గాదు. రేషన్ బియ్యమున్నయి, పాత సన్నాలున్నయి, ఉప్పుడు బియ్యమున్నయి. ఏడికెల్లి తెచ్చినవమ్మా ఇన్ని తీర్లు?"

"పిడికెడు బియ్యం. మా చర్చిల ప్రతి ఇంట్ల ఆడోళ్ళు వంటకు బియ్యం కొలిచినప్పుడల్ల ఒక పిడికెడు తీసి పక్కకు వెడతరు. ఆదివారం గుడికి తెస్తరు."

"ఇన్ని ఇండ్ల బియ్యం ఒక్క ఎసట్ల పోస్తె ఎట్ల ఉడుకుతయి? ఒకటి ఉడికేదాక ఇంకోటి ఆగదాయె." అతను వేలితో ఇంకొంచెం వెతికాడు. "నూకలు గూడ ఉన్నయి. ఇచ్చేదేదో జర మంచివి ఇయ్యచ్చు గదా."

"ఆ నూకలు ఎవరియో నాకెరుక," అంది సలోమి. "వాళ్ళింట్ల తినేటియి గవే."

అతను బియ్యాన్ని మళ్ళీ సంచిలోనే పోసి, అరచేతికి అంటిన ఆఖరి నూకను కూడా విదిలించి అందులో వేశాడు.

"అన్నం చెయ్యకు. రవ్వ పడత. రవ్వయినంక సన్నం లేదు, దొడ్డు లేదు, అన్నీ ఒక్క తీరుగ ఉడుకుతయి. ఎన్ని దినాలు గావాలె?"

"నలభై."

"సరె. నా పేరు కొండల్. పెద్దయ్య గాదు."

"సరె, పెద్దయ్యా," అంది సలోమి పరధ్యానంగా. ఆమె మనసు అప్పటికే రేపటి పొయ్యి దగ్గర ఉంది.

ఈ నలభై రోజుల సంగతి చెప్పాలి. ఈస్టరుకు ముందు, భస్మ బుధవారంనుంచి నలభై రోజులు చర్చివాళ్ళకు శ్రమకాలం. మాంసం మానేవాళ్ళు, పొద్దుటి చాయ మానేవాళ్ళు, ఎవరి మొక్కు వాళ్ళది. ఆ ఏడు, పంతొమ్మిదివందల డెబ్బై మూడులో, సలోమి నిండు సంఘంలో లేచి నిలబడి, "మనం మానేది మనకు తెలుస్తనే ఉంది, పక్కోనికి తెలుస్తలేదు. పిడికెడు బియ్యంతోని నలభై పొద్దులు గంజి పోద్దాం. పొయ్యికాడ నేనుంట," అంది.

అందరూ సరేనన్నారు, సంఘపెద్ద ఎల్లప్ప తప్ప. ఆయన చెడ్డవాడు కాదు. ఆరేళ్ళ క్రితం ఇదే వరండాలో పిల్లలకు పాలపొడి పాలు పోయడం మొదలుపెట్టి పన్నెండో రోజుకే ఆపేశారు. పదమూడో రోజు గిలాసలు పట్టుకొని వచ్చిన పిల్లలకు గేటు దగ్గర నిలబడి లేవని చెప్పింది ఆయనే. ఆ పని ఇంకోసారి తనవల్ల కాదనుకున్నాడు.

"సగం తినిపిచ్చి ఆపుడు కంటె మొదలువెట్టకుంటెనే మేలు," అన్నాడు ఎల్లప్ప. "ఒక్క పొద్దు ఆగిందంటె ఆ దినమే పొయ్యి పీకేపిస్త. ఒప్పుకుంటవా బిడ్డా?"

"ఒప్పుకుంట," అంది సలోమి. ఆమె తండ్రి బాబురావు, బస్సు డిపోలో మెకానిక్కు, వెనక వరసలో కూర్చొని తల పట్టుకున్నాడు. కూతురు పట్టిన పట్టు సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

గురువారం, శుక్రవారం, శనివారం రవ్వ గంజి మెత్తగా, చిక్కగా ఉడికింది. అందరికన్నా ముందు వచ్చే ముసలమ్మ బుచ్చమ్మ, సొట్టల సత్తుగిన్నెలో పోయించుకొని, ఇంత ఉప్పు వేసుకొని తాగి, "మా దిక్కు జొన్న గటక లెక్కనే ఉన్నది బిడ్డా," అని ఇంకో గంటె అడిగింది. సలోమికి ప్రాణం లేచివచ్చింది.

ఆదివారం వచ్చింది.

ఆరాధన కూటం సగంలో ఉంది. అందరూ నిలబడి కీర్తన పాడుతున్నారు. పాటల గుంపులో ముందు నిలబడ్డ సలోమికి కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. గేటు బయట వరసగా కూర్చున్నారు, బుచ్చమ్మతో మొదలుపెట్టి. అందరి చేతుల్లో గిన్నెలున్నాయి.

ఆమె పాట ఆపేసింది. శ్రమకాలంలో ఆదివారాలు లెక్కలోకి రావు. తాతలనాటి లెక్క అది, నలభై అంటే ఆదివారాలు పోగా నలభై. చర్చిలో పుట్టి పెరిగినవాళ్ళెవరికీ ఆదివారం గంజి సంగతే తట్టలేదు. బయట కూర్చున్నవాళ్ళకు ఆ లెక్క ఎవరు చెప్పాలి?

సలోమి పాటల గుంపులోంచి బయటికి వచ్చి గేటు దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా, ఇయ్యాల ఆదివారం," అంది.

"ఆదివారమైతె ఆకలి గాదా బిడ్డా?" అంది బుచ్చమ్మ. ఎత్తిపొడవలేదు, తెలియకనే అడిగింది.

సలోమి వెనక్కి తిరిగింది. కీర్తన మూడో చరణంలో ఉండగా నడవ మధ్యలోంచి తిన్నగా బలిపీఠం దగ్గరికి నడిచి, ఆ వారం ఇళ్ళనుంచి వచ్చిన పిడికెడు బియ్యం సంచుల్లో ఒకటి భుజాన వేసుకుంది.

"ఏం చేస్తున్నవు? పాస్టరయ్యగారు ఇంక బియ్యం మీద ప్రార్థన చెయ్యలే," అన్నాడు ఎల్లప్ప అడ్డం వచ్చి.

"నడుసుకుంట నేను చేస్త, పెద్దనాయినా," అంది. ఎల్లప్ప పక్కకు జరిగాడు.

గిర్నీ మూసి ఉంది. పక్కనే ఇల్లు. గడపలో ఒక కుర్రాడు చాయ తాగుతున్నాడు. నల్లటి ఉంగరాల జుట్టు, నల్లటి మీసం, తలంటుకొని ఉతికిన అంగీ తొడుక్కున్నాడు. సలోమి కొంగు సర్దుకుంది.

"జరా, గిర్నీ పెద్దయ్య లేడా?"

ఆ కుర్రాడు ఆమెను ఎగాదిగా చూశాడు. గిలాస కింద పెట్టాడు.

"లేడు. ఏం పని?"

"అర్జెంటు. ఏడికి పోయిండు?"

"ముసలోడు గదా, పొద్దుగాల్నే నీళ్ళల్ల కొట్టుకపోయిండు."

అప్పుడు గుర్తుపట్టింది గొంతును. సలోమి ముఖం ఎర్రబడింది. ఇంకో రోజయితే అక్కడనుంచి పరుగెత్తేది. కానీ భుజం మీద సంచి ఉంది, గేటు దగ్గర గిన్నెలున్నాయి.

"కొండల్," అంది, మొదటిసారి పేరు పెట్టి. "ఇప్పుడే రవ్వ గావాలె. ఆదివారం మేం లెక్కవెట్టలే. తప్పు మాదే."

కొండల్ నవ్వు ఆగిపోయింది. ఉతికిన అంగీ సంగతి మరిచిపోయి గిర్నీ తలుపు తీశాడు. పదకొండు గంటలకు గంజి గిన్నెల్లో పడింది. ఎల్లప్ప గడియారం చూసి, "ఇంక పొద్దు నడినెత్తికి రాలే గదా, ఆగినట్టు గాదు," అని తనే తీర్పు చెప్పుకున్నాడు. నలభై పొద్దులు ఆ రోజునుంచి నలభై ఆరయ్యాయి. ఆదివారాల కోసం ప్రతి ఇంట్లో ఇంకో పిడికెడు తీయడం మొదలుపెట్టారు.

ప్రేమకథల్లో వాన కురవాలంటారు. ఆ ఏడు వాన ఎక్కడిది? వీళ్ళిద్దరి మధ్య కురిసిందల్లా బియ్యప్పిండే. బడి విడవగానే సలోమి సంచితో వచ్చేది. కొండల్ మూతికి తువ్వాల కట్టుకొని రవ్వ పట్టేవాడు. మాటలు గిర్నీ ఆగినప్పుడే వినిపిస్తాయి కాబట్టి గిర్నీ ఎందుకో తరచుగా ఆగేది.

"మళ్ళ ఏమైంది మిషన్‌కు?" అనేది సలోమి.

"పట్టా జారింది, టీచరమ్మా."

"నిన్న గూడ జారింది."

"పాత పట్టా. దానికి గూడ మనసున్నది."

ఒకనాడు ఆమెనే చూస్తూ, మిరపకాయలు పట్టిన రాయిని తుడవకుండానే రవ్వ పట్టేశాడు. మర్నాడు గంజి ఎర్రగా దిగింది. మొదటి వరసంతా దగ్గింది, రెండో వరస కళ్ళు తుడుచుకుంది. సలోమి గంటె పట్టుకొనే గిర్నీకి వెళ్ళి, "కండ్లు ఏడ వెట్టి పని చేస్తవు?" అని నిలదీసింది. అతను నేల చూస్తుంటే వెనకే వచ్చిన బుచ్చమ్మ, "ఏమనకు బిడ్డా. ఇన్ని దినాలకు నాలికెకు రుచి తాకింది. రేపు గూడ గట్లనే పట్టుమను, జర తక్కువ," అంది.

ఇదంతా చూస్తున్న మనిషి ఇంకొకరున్నారు. కొండల్ తల్లి బాలమ్మ. భర్త పోయాక గిర్నీని, కొడుకును ఒంటి చేత్తో నిలబెట్టిన మనిషి. ముప్ఫయ్యో రోజున కొండల్ నూనె కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్ళినప్పుడు, సలోమి చేతిలోని సంచి అందుకుంటూ నెమ్మదిగానే అంది.

"బిడ్డా, నువ్వు చేసే పని మంచిది. నేను కాదన. గని మేం పోచమ్మకు బోనమెత్తేటోళ్ళం. ఉన్నది ఒక్క కొడుకు. వాణ్ని మీ గుడికి గుంజకు."

సలోమి గబుక్కున సంచి వదిలేసింది. మనసులో మాట ఇంకా తనకే సరిగ్గా తెలియకముందే ఎదుటివాళ్ళు చదివేస్తే ఎట్లా ఉంటుంది?

"నేను రవ్వ కోసం వస్తున్న, పెద్దమ్మా. మీ కొడుకు కోసం గాదు," అంది. ఆ మాటలో సగం అబద్ధమని అన్నాక తెలిసింది.

మర్నాటినుంచి సలోమి గడప బయటే నిలబడేది. సంచి ఇచ్చి ముఖం తిప్పుకునేది. పట్టా ఎన్నిసార్లు జారినా ఏమైందని అడగలేదు. కొండల్ నాలుగు రోజులు చూసి, అయిదో రోజు సంచి అందిస్తూ అడిగాడు.

"రవ్వల పురుగొచ్చిందా?"

"రాలే."

"మరి నాతోని ఏంది లొల్లి?"

"లొల్లి లేదు. గంజి పని గంజి పనే."

"మంచిది. గిర్నీ వాడు గిర్నీ వాడే అన్నట్టు," అన్నాడు కొండల్, ముఖం చిన్నబుచ్చుకొని. చదువుకున్న పంతులమ్మకు తను ఆననేమో అనుకున్నాడు. ఆమె కాదనలేదు. రాత్రి అన్నం సయించక పక్కకు తోసింది కానీ కాదనలేదు.

మంగళవారం, నలభై రెండో రోజు. బడి విడిచే వేళకు కొండల్ తనే చర్చి గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఒంటిమీద పిండి లేదు. అది చూసే సలోమికి ఏదో జరిగిందని తెలిసింది.

"కరెంటు కోత. డ్యాములల్ల నీళ్ళు లేవంట. గిర్నీలకు సోమవారం దాక ఇయ్యరంట. ఆఫీసుకు పోయి లొల్లి చేసి వచ్చిన, లాభం లేదు."

సలోమి గేటు చువ్వ పట్టుకుంది. ఇంకా నాలుగు పొద్దులు. లోపలినుంచి ఎల్లప్ప వచ్చి సంగతి విన్నాడు. ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"నా చేతులతోని మళ్ళ గేటు దగ్గర..." అని ఆగిపోయాడు.

"ఆగది, పెద్దనాయినా," అంది సలోమి. "రేపటి మందం రవ్వ ఉన్నది. ఆ తర్వాతకు, గిర్నీలు రాకముందు మన అమ్మలు పిండి తినలేదా? ఇసుర్రాళ్ళు ఏడ పోయినయి? మూలల్ల వడి ఉన్నయి. రేపు పొద్దుగూకే లోపట వరండాకు తెమ్మని ఇంటింటికి చెప్త." కొండల్ వైపు తిరిగింది. "నువ్వు నీ సైకిల్ ఇస్తవా?"

"సైకిలొక్కటెందుకు, నేనే తొక్కుకుంట తెస్త," అన్నాడు కొండల్. ముఖం చిన్నబుచ్చుకున్న సంగతి అప్పటికే మరిచిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం వరండా చూడాల్సిందే. బడికి ఆ రోజునుంచి పండుగ సెలవులు. ఒక్కొక్క ఇసుర్రాయి కొండల్ సైకిలెక్కి వచ్చి దిగుతోంది. ఒక్కో రాయికి ఇటొకరు అటొకరు కూర్చొని పిడి పట్టుకున్నారు. బాబురావు డిపోనుంచి గ్రీజు చేతులు కడుక్కొని వచ్చి భార్య మాణిక్యమ్మకు ఎదురుగా చతికిలబడ్డాడు. "ఇరవై రెండేండ్లల్ల ఇయ్యాల ఒక్క దిక్కు తిప్పుతున్నం," అని మాణిక్యమ్మ అంటే వరండా అంతా నవ్వింది. ఎల్లప్ప కూడా తుండుగుడ్డ నడుముకు చుట్టి ఒక రాయి ముందు కూర్చున్నాడు. గంజి తాగే కూలి ఆడవాళ్ళు సగంమంది వచ్చి చేతులు కలిపారు. బుచ్చమ్మ ఇసిరే తీరు చూసి, "గట్ల గాదు, గిట్ల," అని మిగతావాళ్ళు నేర్చుకున్నారు.

చివరికి ఒక పెద్ద రాయి మిగిలింది. అన్నిటికన్నా బరువైనది. సలోమి ఒంటరిగా దాన్ని తిప్పబోతే సగం చుట్టు తిరిగి మొరాయించింది.

"ఒక్కదానివి ఇసిరితె రెక్క పోతది. ఇటు జరుగు."

బాలమ్మ. చీర కుచ్చిళ్ళు దోపుకొని ఎదురుగా కూర్చొని పిడిమీద, సలోమి చేతి పక్కనే, తన చెయ్యి వేసింది.

"పెద్దమ్మా, మీరు ఆ దినం..."

"నా కొడుకును గుంజకన్న. రాయిని గుంజకనలే. తిప్పు."

రాయి తిరిగింది. ఇద్దరి చేతులూ ఒకే లయకు వచ్చాక బాలమ్మే మొదలుపెట్టింది.

"ఇది మా అత్తది. నా పెండ్లి పసుపు దీంట్లనే ఇసిరిన్రు. గిర్నీ వచ్చినంక మూలకు వెట్టిన. కొడుకు పెండ్లినాడే దించుదామనుకున్న."

సలోమి చెయ్యి ఆగింది.

"ఆపకు. ఆపనని మాటిచ్చినవంట గదా, మొత్తం బస్తీ ఎరుక," అంది బాలమ్మ. "మీ పెండ్లిళ్ళల్ల పసుపు ఇసురుతరా?"

"ఇసురుతరు. మా అమ్మ పెండ్లికి గూడ ఇసిరిన్రంట."

"మరి ఇంకేంది? నా పోచమ్మకు నేను బోనమెత్తుత. నీ గుడికి నువ్వు పో. వాణ్ని మాత్రం అటొకరు ఇటొకరు గుంజొద్దు, వానికి గిర్నీ ఉన్నది."

సలోమి తల వంచుకొనే ఉంది. కళ్ళలో నీళ్ళు రవ్వలో పడకుండా ముఖం పక్కకు తిప్పింది.

"ఆయన నన్ను ఇంక అడగనే లేదు, పెద్దమ్మా."

"అడగడు. అచ్చం వాళ్ళ బాపు తీరు. ఆ మనిషిని గూడ నేనే అడిగిన."

పక్క రాయి దగ్గర బాబురావు చేతులు తిప్పుతూనే చెవి ఇటు వేశాడు. "బాలమ్మక్కా, మాట్లాడుకుందాం. ముందు రవ్వ కానీ," అన్నాడు. మాణిక్యమ్మ కొంగుతో నవ్వు దాచుకుంది.

నాలుగు పొద్దులూ గంజి ఆగలేదు. శనివారం నాడు నలభై ఆరోది పూర్తయింది. గుండిగ కడిగి బోర్లిస్తుంటే సలోమికి సంతోషం కలగాలి కదా, కలగలేదు. మొక్కు తీరింది. ఆకలి ఎక్కడ తీరింది?

ఈస్టరు ఆదివారం ఆరాధన అయిపోయింది. అందరూ కొత్త బట్టల్లో బయటికి వస్తున్నారు. గేటు బయట బుచ్చమ్మ, ఆమె వెనక వరస. గేటు దగ్గర ఎల్లప్ప నిలబడి ఉన్నాడు. సలోమి కాళ్ళు మెట్లమీదే ఆగిపోయాయి. నలభై ఆరు పొద్దులు నిన్నటితో అయిపోయాయని వీళ్ళకు ఎవరు చెప్పాలి?

ఎల్లప్ప వెనక్కి తిరిగాడు. "సలోమీ, ఈస్టరు లెక్కల ఉందా లేదా?"

సలోమి మెట్లు దిగి వచ్చింది.

"నేనైతె వెట్టిన," అని ఆయన గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "వాన వడేదాక పొయ్యి ఆర్పేది లేదు. బుచ్చమ్మా, లోపటికి రాండ్రి, ఎండల ఎందుకు?"

కరెంటు ఇంకా రాలేదు. బాలమ్మ రాయి వరండాలోనే ఉంది. సలోమి పండుగ చీర కొంగు నడుముకు దోపి దాని ముందు కూర్చుంది. ఎదురుగా ఎవరు కూర్చుంటారా అని చూసినవాళ్ళంతా ఎందుకో పనులు గుర్తొచ్చి అటూ ఇటూ జరిగిపోయారు. ఉతికిన అంగీతో గేటు దగ్గర నిలబడ్డ కొండల్ ఒక్కడే మిగిలాడు. వచ్చి కూర్చొని పిడి పట్టుకున్నాడు.

రాయి తిరుగుతోంది.

"ఒక మాట అడుగుత," అంది సలోమి. "జల్దీ జవాబు చెప్పాలె. ఎసరు కాగుతున్నది."

"అడుగు, టీచరమ్మా."

"నన్ను చేసుకుంటవా?"

రాయి ఆగింది.

"ఆపకు," అంది సలోమి.

కొండల్ తిప్పాడు. మూడో చుట్టుకు అన్నాడు.

"నాకు ఇరవై నాలుగేండ్లని మొదటి దినమే చెప్పిన. నువ్వు నమ్మలే."

"ఇప్పుడు నమ్ముతున్న."

"ఇంకో నలభై ఏండ్లకు నిజంగనే పెద్దయ్యనైత. పిండి కడుక్కున్న గూడ పోని తెలుపు వస్తది. అప్పుడు గూడ గట్లనే పిలుస్తవా?"

"పిలుస్త," అంది సలోమి. ఆమె చెయ్యి రాయి తిప్పుతూనే ఉంది.

కొండల్ ఆమెను తేరిపార చూశాడు. రాయిలోంచి లేచిన పిండి ఆమె ముంగురులమీద, కనుబొమలమీద తెల్లగా వాలి ఉంది.

"అయితె సరె, పెద్దమ్మా," అన్నాడు. "రాయిల బియ్యం పొయ్."

సలోమి నవ్వుతూ సంచిలో చెయ్యి పెట్టి పిడికెడు బియ్యం తీసి రాయి నోట్లో పోసింది.